చీటీ మీది పేరు

ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో రేడియో అయోడిన్ మందు చూసుకునే టెక్నీషియన్ ఆయన. పదిహేనేళ్ల సర్వీసులో రేడియేషన్ కొలిచే మీటరు ముల్లు ఎంత చూపితే అంతే రాశాడు. అందుకే తోటివాళ్లు ఆయన్ని ముల్లు మాస్టారు అంటారు. రోగి తాగని సీసా ఏదైనా మిగిలితే ఎనభై రోజులు మూలన దాచాలి. మీటరు ముల్లు కదలడం మానేశాక, పేరున్న చీటీ తీసేసి మామూలు చెత్తలో వేయాలి.

ఈసారి మిగిలింది ఆయన భార్య సీసా. థైరాయిడ్ క్యాన్సర్‌కి రెండో విడత మందు అది. అది వచ్చిన రోజునే ఆమె పోయింది.

మొదటి విడతప్పుడు ఎవరికీ రేడియేషన్ తగలకుండా ఆమెను విడిగా ఒక గదిలో ఉంచితే, ఈయన గుమ్మం బయట నిలబడి కబుర్లు చెప్పేవాడు.

"ఈ మందు నాలో ఎన్నాళ్లుంటుందండీ?" అని అడిగింది.

"ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. అయోడిన్‌కి ప్రోటాన్లు యాభై మూడు. లోపల ఒక న్యూట్రాన్ కాస్తా ప్రోటాన్ అయితే యాభై నాలుగు. ఇక అది అయోడిన్ కాదు, జెనాన్."

"ఒక్కటి పెరిగితేనే? పెళ్లయ్యాక నేను ఇరవై కిలోలు పెరిగాను, నా పేరెవరూ మార్చలేదే."

"బరువు పెరిగితే ఏం కాదులే. న్యూట్రాన్లు ఎన్ని ఎక్కువైనా అయోడిన్ అయోడినే. ప్రోటాన్ల లెక్కే మారకూడదు."

"హమ్మయ్య, బతికించారు," అని పడీపడీ నవ్వింది.

ఎనభయ్యో రోజున ముల్లు కదల్లేదు. ఆయన రిజిస్టర్లో 'ఇంకా కొంత ఉంది' అని రాశాడు. మర్నాడూ అదే రాశాడు, ఆ మర్నాడూ అదే. ఆ పేరు చింపడానికి ఆయనకు చేతులు రాలేదు.

నాలుగో రోజు అక్కడే పనిచేసే అమ్మాయి మీటరు అందుకుంది. ముల్లు చూసింది, ఆయన ముఖం చూసింది. తల వంచుకుని పెన్ను తీసింది.

"ఇవాళ కూడా కొంత ఉన్నట్టుంది అన్నయ్యా. అలాగే రాసేస్తాను."

ఆయన రిజిస్టర్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. తన కోసం ఈ పిల్ల కూడా అబద్ధం రాయాలా?

"వద్దమ్మా," అన్నాడు. "అందులో అయోడిన్ లేదు. అంతా యాభై నాలుగే. సున్నా అని రాయి."

సీసా తీసుకుని చీటీ అంచు పట్టి లాగాడు. అయోడిన్ అన్న మాట తేలిగ్గానే ఊడివచ్చింది. ఆమె పేరున్న చోట బంక గట్టిగా పట్టేసింది. కన్నీళ్లతో చూపు మసకబారుతున్నా గోటితో ఒక్కో అక్షరమే గీకుతూ కూర్చున్నాడు.