తిరిగి బుట్టలో వేసిన వాగ్దానం

మా సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక వాగ్దానాల బుట్ట తిరుగుతుంది. అన్నీ అట్ట కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం, బోర్లా వేసి ఉంటాయి. ఎవరికి ఏది వస్తే ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట అదే. రాలేనివాళ్ళ పేరున ఇంట్లోవాళ్ళు తీయొచ్చు. తీసింది మాత్రం మార్చుకోకూడదని పాస్టరమ్మగారు ఏటా చెప్తుంది, ఏటా అందరికంటే ముందు నేనే తలూపుతాను.

ఈ జనవరి ఒకటిన నా భర్త జీవన్‌కు సెలవు దొరకలేదు. నాచారంలో రేకులు కోసే ప్రెస్ మీద పనిచేస్తాడు. వాళ్ళ యజమానికి ఏ పండుగైనా ఒకటే, మిషన్ ఆగకూడదు. అందుకని ఆయన కార్డు నేనే తీసి తిప్పి చూశాను. నీకోసం చోటు సిద్ధం చేశాను, వచ్చి నిన్ను నా దగ్గరికి తీసుకుపోతాను అని ప్రభువు చెప్పిన మాట.

మంచి మాటే, కాదనను. కాని నేను ఆ మాట విన్నదంతా సమాధుల తోటలోనే. మా మామగారిని మట్టిలో పెట్టినప్పుడు పాస్టరు గారు అదే చదివారు. మా అన్న పెట్టెకు మేకులు కొట్టినప్పుడూ అదే. వేళ్ళ కింద కార్డు మూల మడతపడింది. ఎవరూ చూడటం లేదనుకుని దాన్ని బుట్ట అడుక్కి తోసేసి, పైనున్న ఇంకొకటి తీశాను. అందులో దీర్ఘాయువు ఉంది. దేవుడి కళ్ళుగప్పానన్న ధైర్యంతో ఊపిరి పీల్చుకున్నాను.

బుట్ట నా పక్కనున్న తారామణక్క ఒళ్ళోకి వెళ్ళింది. ఆమె గుంటూరు వైపు మనిషి. రైల్వేలో గుమస్తాగా చేసిన భర్త పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు, ఉప్పల్‌లో ఒక్కతే ఉంటుంది. బుట్టలో చెయ్యి పెట్టి కాసేపు వెతికి ఒక కార్డు తీసింది. దాని మూల మడతపడి ఉంది. చదువుకుని, బైబిల్లో పెట్టుకుని, నన్ను చూసి నవ్వింది. నేను చెప్పులు వెతుక్కునే నెపంతో బయటికి వచ్చేశాను.

సాయంత్రం జీవన్ తన కార్డు చూసుకుని, "దీర్ఘాయువంట. ఇంకెన్నేండ్లు పడాల్నో నీతోని" అన్నాడు. నేను నవ్వాననే అనుకుంటాను.

ఫిబ్రవరిలో ప్రెస్ మీద ఆయన పక్కవాడి రెండు వేళ్ళు తెగిపోయాయి. జీవన్ అప్పుడే టీ తాగడానికి బయటికి వెళ్ళాడట. ఆ మాట వినగానే ముందు నాకు కలిగింది సంతోషం, సిగ్గు వేసింది తర్వాత. ఆ వెనకే భయం పట్టుకుంది. మా కార్డు పనిచేస్తే తారామణక్క కార్డు కూడా పనిచేస్తుంది కదా.

మా పక్కింటి సత్తమ్మ ఒంటి మీద బల్లి పడితే పంచాంగం తీయిస్తుంది, మూఢంలో కొత్త చీర కూడా కట్టదు. "ఇంకా గివన్ని నమ్ముతవా సత్తమ్మా" అని ఆమెను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. గురువింద తన కింది నలుపు ఎరగదంటారు, అలా ఉంది నా సంగతి. ఆమె బల్లికి భయపడితే నేను అట్టముక్కకు భయపడుతున్నాను. పైగా నాది విశ్వాసమట.

మార్చిలో ఒక శుక్రవారం స్త్రీల కూడికలో పాస్టరమ్మగారు తారామణక్క కోసం ప్రార్థించమంది. కడుపులో పెద్ద గడ్డ ఉందట, ఆపరేషన్ చేయాలట. అందరూ మోకాళ్ళ మీద పడ్డారు. నేనూ పడ్డాను. ఆమె బతికితే ఆ కార్డులోని మాట తిరిగి మా ఇంటికే వస్తుందేమో అన్న ఆలోచన నా మనసులోకి వచ్చింది. అలాంటి ఆలోచన వచ్చే మనిషినని నాకు అంతవరకు తెలియదు. ఆ రోజు నుంచి నాకు జీవన్ గురించే కాదు, నా గురించీ భయమే.

ఆపరేషన్ ఏప్రిల్‌లో, హబ్సిగూడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. తోడుగా ఎవరొస్తారంటే తారామణక్క నా పేరే చెప్పింది. పొద్దున్నే వెళ్ళాను. ఆకుపచ్చ గౌనులో ఆమె సగమైపోయినట్టు కనిపించింది. చేతిలో ఆ కార్డు ఉంది. ఇక నావల్ల కాలేదు.

"అక్కా, నేనొక తప్పు జేసిన."

"కార్డు సంగతేనా?" అంది ఆమె. "చూశాను. పక్కనే కూర్చున్నానుగా."

"మరి తెలిసి తెలిసి అదే ఎందుకు తీసిన్రు?"

"నీ మొహం చూశాను రాజ్యం. అది ఎవరింటికి వెళ్ళినా ఏడాదంతా ఆ ఇంటివైపు చూసి వణుకుతావనిపించింది. నీకు మొగుడున్నాడు. నాకు వెనకా ముందూ ఎవరున్నారు? మా ఆయన్ను మట్టిలో పెట్టిన రోజు విన్న మాటే కదా, నాకు దానికి భయం లేదనుకున్నాను." కార్డు మూల మడతను వేలితో నొక్కింది. "ఇప్పుడు భయంగానే ఉంది. అబద్ధమెందుకు."

నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. వదిలించుకోలేదు, ఓదార్చనూ లేదు. ఇంతలో నర్సు వచ్చి లోపలికి ఏమీ తీసుకెళ్ళకూడదంది. అక్క వాచీ తీసి ఇచ్చింది, గొలుసు ఇచ్చింది. కార్డు మాత్రం చేతిలోనే ఉంచుకుంది. నర్సు మళ్ళీ చెప్పాక నా వైపు చాపింది.

"ఒకసారి చదువు. తర్వాత నీ దగ్గర ఉంచుకోవడం భయమైతే నా సంచిలో పడెయ్."

చదివాను. అక్షరాలు అలుక్కుపోయాయి, అయినా ఆ వాక్యం చూడకుండానే వచ్చు కనుక ఆగలేదు. చివరి మాట పూర్తవకముందే ఆమెను తీసుకుపోయారు.

మూడు గంటలు వరండాలో కూర్చున్నాను. కాళ్ళ దగ్గర ఆమె సంచి ఉంది. కార్డు అందులో వేయడానికి రెండుసార్లు జిప్పు తీశాను, రెండుసార్లూ మూశాను. సంచిలో వేస్తే అది ఆమెది. నా చేతిలో ఉంటే మాది. ఎంత ఆలోచించినా అంతకు మించి నాకు తోచలేదు.

అంతలో జీవన్ ఫోన్ చేశాడు. వెనక ప్రెస్ దబ్‌దబ్‌మని కొడుతోంది.

"అక్కకెట్లుంది? నువ్వేమన్న తిన్నవా?"

"నీ పేరు మీద ముందుగాల తీసిన కార్డు వేరే. భయపడి మల్ల బుట్టల ఏసిన. అది తారామణక్కకు పోయింది." ఏడుస్తూనే ఆ వాక్యం చదివి వినిపించాను.

"మా నాయన మీద సదివింది గదా" అన్నాడు.

"ఔ."

"అయితే ఇంటికి తే. మనకొచ్చింది ఇంకొకల నెత్తిన పెడ్తమా."

"నువ్వు జర పైలం జీవన్."

"రోజు పైలంగనే ఉంట" అని పెట్టేశాడు.

"తారామణి తాలూకు ఎవరు?" అని నర్సు తలుపు తీసి అడిగింది. నేనేనన్నాను. గడ్డ తీసేశారట, ప్రాణానికి ప్రమాదం లేదట.

సాయంత్రం కళ్ళు తెరిచాక ఆమె అడిగిన మొదటి మాట కార్డేదని.

"మా ఇంటికి తీస్కపోతున్న అక్కా. అది మాది."

ఆమె తల కొంచెం ఊపి మళ్ళీ కళ్ళు మూసుకుంది. పట్టుకున్న నా వేలు మాత్రం చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు సెప్టెంబరు. తారామణక్క కర్ర పట్టుకుని ఆరాధనకు వస్తోంది. కార్డు మా గోడ మీద, గడియారం కింద ఉంది. మడత పోలేదు. జీవన్ పొద్దున్నే టిఫిన్ డబ్బా తీసుకుని దాని ముందునుంచే వెళ్తాడు. భయం పోయిందా అని అక్క అప్పుడప్పుడు అడుగుతుంది. పోలేదని చెప్తాను. ఆయన షిఫ్టు ఐదింటికి అయిపోతుంది. ఐదున్నరకు స్కూటర్ చప్పుడు వినిపించేదాకా నేను వంటింట్లో ఉన్నా నా చెవులు గేటు దగ్గరే ఉంటాయి.