దవడకి గొట్టం, తోడుకి మనిషి

వీరభద్రం కింది దవడలో నీటితిత్తి ఉంది. చిన్న ఉసిరికాయంత. నొప్పి లేకుండా, చప్పుడు చేయకుండా, లోపల్లోపలే ఎముకని తినేసింది. మొదట చూసిన డాక్టరు దవడ ముక్క కోసేసి లోహపు పట్టీ బిగించాలన్నాడు. రెండో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి పెదవి విరిచింది.

"అంత కోతెందుకు? తిత్తికి చిన్న రంధ్రం పెట్టి సన్న గొట్టం అమరుస్తాను. రోజూ సిరంజితో ఉప్పునీళ్లు కొట్టి కడుక్కోవాలి. లోపలి ఒత్తిడి పోతే తిత్తి కుంచించుకుపోతుంది, ఎముక మెల్లగా పూడుతుంది. తొమ్మిది నెలలు పట్టొచ్చు. చివర్న మిగిలింది తీసేస్తాం."

ముఖం మిగులుతుందని వీరభద్రానికి ప్రాణం లేచొచ్చింది. కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ఆ ఉత్సాహం చల్లారింది. మత్తు ఇస్తారట. తెలిసిన మనిషి వెంట వచ్చి, అయ్యేదాకా బయట కూర్చుని, ఇంటికి తీసుకెళ్లాలట. ట్యాక్సీ కుదరదట. ఆ మనిషి పేరేమిటని అడిగారు. అమెరికాలోని ఈ బెంటన్‌విల్‌కి వచ్చి నాలుగేళ్లు. ఒక్క పేరు నోటికి రాలేదు.

వాట్సాప్‌లో ఊరి తెలుగు గ్రూపుంది, మూడొందల పన్నెండు మంది. ఎయిర్‌పోర్ట్ రైడ్ కావాలంటే ఐదు నిమిషాల్లో ముగ్గురు చేతులెత్తుతారు. ఆస్పత్రికి రైడ్ అడిగినవాడు ఒక్కడూ లేడు. ఎవరికీ రోగాలు రావనా? కాదు. చెబితే, తలా ఒక వంట తెచ్చుకునే శనివారం పాట్‌లక్‌లో పప్పుతోపాటు వడ్డిస్తారు, అక్కణ్ణించి మేనేజర్ చెవికి చేరుతుంది, కాంట్రాక్ట్ రెన్యూ కాదు, వీసా గోవిందా. ఇదీ భయం. దీన్ని అందరూ కలిసి మేపుతున్నారు, వీరభద్రంతో సహా.

అందుకే అబద్ధం రాశాడు: "ఇండియా వెళ్తున్నా. గురువారం పొద్దున ఏడింటికి ఎయిర్‌పోర్ట్ రైడ్ ప్లీజ్."

జగన్మోహన్ ఒప్పుకున్నాడు. ముఖం తెలుసు, అంతే. గురువారం వ్యాన్ వెనక తలుపెత్తి నిలబడ్డాడు.

"సూట్‌కేసులేవన్నా? సన్యాసి లెక్క పోతున్నవేంది ఇండియాకి?"

బెల్టు పెట్టుకున్నాక గానీ వీరభద్రం నోరు తెరవలేదు. "ఎయిర్‌పోర్ట్‌కి కాదు తమ్ముడూ. దవడ ఆపరేషన్. పదిదాకా నువ్వు బయట కూర్చోవాలి."

జగన్మోహన్ స్టీరింగ్ మీంచి చేతులు తీశాడు. "ముందే చెప్పొచ్చు గదన్నా! తొమ్మిదికి క్లయింట్ కాల్, నేనే ప్రెజెంట్ చెయ్యాలె. దించేసి ఉరుకుదామనుకున్న."

"చెబితే వచ్చేవాడివా?"

"కాల్ జరుపుకునేటోణ్ణి. లేకుంటే ఇంకొకర్ని చూసేటోణ్ణి. అడిగితే గదా!"

క్లినిక్ ముందు దించి, "సారీ అన్నా" అని వెళ్లిపోయాడు.

తోడు లేదనగానే కౌంటర్ అమ్మాయి అపాయింట్‌మెంట్ రద్దు చేయబోయింది. మళ్లీ దొరికేది ఆరు వారాలకి. వీరభద్రం అక్కణ్ణుంచి కదల్లేదు. డాక్టరమ్మే బయటికొచ్చింది.

"మత్తు వద్దు, దవడకి తిమ్మిరి సూది వేసి చేస్తాను. నొప్పి తెలీదు. చప్పుడు మాత్రం వినాలి. సరేనా?"

సరే అన్నాడు. విన్నాడు. సొంత ఎముకని తొలిచే చప్పుడు పుర్రె నిండా మోగుతుంటే పట్టుకోవడానికి కుర్చీ చెయ్యి తప్ప ఇంకేం లేదు. ముప్పావుగంటలో గొట్టం అమరింది. ట్యాక్సీలో ఇల్లు చేరాడు. తలుపు తీసి "వచ్చా" అనబోయాడు, ఎవరితోనో.

సాయంత్రానికి తిమ్మిరి దిగి సలుపు మొదలైంది. ఫోన్ తీస్తే గ్రూపులో పదకొండు మెసేజులు. హ్యాపీ జర్నీ బ్రో. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి తెస్తావా? మా అమ్మ మందులిస్తుంది, కాస్త పట్టుకురావా?

ఒళ్లు మండింది. సగం వాళ్లమీద, సగం తనమీద. టైప్ చేశాడు: "నేను ఇండియా పోలేదు. అబద్ధం చెప్పాను. దవడలో తిత్తికి ఇవాళ గొట్టం వేశారు. పక్కన కూర్చునే మనిషిని అడగడం చేతకాలేదు."

గ్రూపు బిగుసుకుపోయింది. ఇరవై నిమిషాలకి ఒకరు దండం బొమ్మ పెట్టారు. ఆ వెంటనే ఇంకెవరో సోఫా అమ్మకానికి పెట్టారు.

పెరుగన్నం మెత్తగా పిసుకుతుంటే తెలియని నంబర్ నుంచి విడిగా మెసేజ్ వచ్చింది.

"వీరభద్రం గారూ, నా పేరు రేష్మ. మీరెవరో నాకు తెలీదు. గర్భసంచిలో గడ్డకి మంగళవారం ఆపరేషన్. మత్తిస్తారు, తోడు తప్పనిసరి అన్నారు. ఎవర్నీ అడగలేక రెండుసార్లు వాయిదా వేసుకున్నాను."

"ఎన్నింటికి?" అని కొట్టాడు.

ఆమె ఇంకా టైప్ చేస్తూనే ఉంది. అతను ఈలోగా మేనేజర్‌కి మంగళవారం లీవు పెట్టాడు. కారణం దగ్గర ఎప్పుడూ రాసే 'పర్సనల్' చెరిపేసి, ఆస్పత్రి అని రాశాడు.