కొత్తవాళ్ళ రేటు

ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పెద్దక్కను ఎరగనివాళ్ళు లేరు. పొయ్యిలోంచి బెల్టు మీద వచ్చే బిస్కెట్లలో విరిగినవీ మాడినవీ ఏరి పారేసి, మంచివాటిని ట్రేలో నిలువుగా పేర్చడం ఆమె పని. చూసేవాళ్ళకి అదెంత పని అనిపిస్తుంది. చేసి చూడాలి. బెల్టు ఎవరి కోసమూ ఆగదు. మొదటి వారం కళ్ళు తిరుగుతాయి, రెండో వారం నడుం పట్టేస్తుంది, ఆ తర్వాత మనిషి అలవాటన్నా పడాలి, మానెయ్యనన్నా మానెయ్యాలి. అక్కడున్న సగం మందికి ఆ అలవాటు చేయించింది పెద్దక్కే. ఈ ఏడు కోడల్ని కూడా వెంటబెట్టుకెళ్ళి చేర్పించి, పక్కన నిలబెట్టుకుని నేర్పింది. ఇద్దరూ అలిసిపోయి వస్తున్నారు కాబట్టి ఇంట్లో అత్తాకోడళ్ళ గొడవలు తప్పాయని కొడుకు సంబరపడేవాడు.

ఇంటద్దె పెరిగిన నెలలో ఒకరోజు కోడలు భోజనం డబ్బా మూత తియ్యకుండా కూర్చుంది. ఏమైందని పెద్దక్క అడిగితే చెప్పేసింది. గంటకి తనకిచ్చేది అత్తకిచ్చేదానికన్నా ఎక్కువ. బయట మనుషులు దొరకక కంపెనీ కొత్తగా చేరేవాళ్ళకి రేటు పెంచింది. పాతవాళ్ళెలాగూ ఎక్కడికీ పోరు, వాళ్ళ ఊసు ఎవరికి కావాలి? చెప్పడానికి నోరు రాక కోడలు ఇన్నాళ్ళూ ఇంట్లో అత్త ఇచ్చినంతే ఇచ్చి, మిగిలింది దాచింది. అద్దె కోసం ఇప్పుడది బయటికి తియ్యక తప్పలేదు.

పెద్దక్కకి కలుక్కుమంది. కంపెనీ మీద కోపం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోడలి మీద అసూయే. ఆ సంగతి తనకే తెలిసి, సిగ్గుతో డబ్బా మూత పెట్టేసింది. పక్క బల్ల మీద ప్యాకింగ్ ఆవిడ విననే విన్నది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా అంటూ నిట్టూర్చింది.

సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు. అడగడానికి వెళ్ళిన పెద్దక్కని కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"పాతవాళ్ళకి పెంచే అధికారం నాకు లేదక్కా. రాజీనామా ఇచ్చి మళ్ళీ చేరితే మాత్రం కొత్త రేటే పడుతుంది. ఇన్నేళ్ళ సర్వీసు పోతుంది, అంతే."

అంతేనట. ఎముకలు అరిగిన సర్వీసుని చేతిరుమాలు పోయినంత తేలిగ్గా చెప్పాడు.

ఇంట్లో కొడుకు ససేమిరా వద్దన్నాడు. పెద్దరికం పోతుంది, సీనియారిటీ పోతుంది, రేపు మనుషుల్ని తీసెయ్యాల్సి వస్తే ముందు నిన్నే తీసేస్తారన్నాడు. తను ఎక్కువ తెస్తోందిగా, దాంతో సర్దుకుందామని కోడలు బతిమాలింది. కోడలు మనసారా అన్న ఆ మాటే పెద్దక్కని నిలవనివ్వలేదు. అదే బెల్టు, అవే బిస్కెట్లు, తన చేతులు మాత్రం చవకా? పెద్దరికం పొయ్యి మీదకి రాదు కదా అని నవ్వేసి, తెల్లారి వెళ్ళి రాజీనామా ఇచ్చింది. ఆ రాత్రి మాత్రం గోడ వైపు తిరిగి ఏడ్చింది.

కొత్తగా చేరినవాళ్ళకి అక్కడొక పద్ధతి ఉంది. పసుపు టోపీ పెట్టుకుని, పని వచ్చినవాళ్ళ పక్కన నిలబడాలి. వాళ్ళు ఒక్కొక్కటీ పైకి చెప్పి, చేసి చూపించాలి. అది మొదలైన దగ్గర్నుంచే జీతానికి గంటలు లెక్క. రూలు ఎవరికైనా రూలే. బయటివాళ్ళ ముందైతే పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుందని, ఇంటి మనిషైతే నయమని, సూపర్‌వైజరు బాగా ఆలోచించి ఆమెని కోడలి పక్కన వేశాడు.

పసుపు టోపీలో పెద్దక్క వచ్చి నిలబడింది. హాల్లో అందరి చేతులూ ఆడుతూనే ఉన్నాయి గాని ఎవరూ తలెత్తలేదు. కోడలు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని బెల్టుకేసి చూస్తూ ఉండిపోయింది. వాళ్ళ ముందునుంచి బిస్కెట్లు, మంచివీ విరిగినవీ కలిసే, వెళ్ళిపోతున్నాయి.

"చెప్పమ్మా," అంది పెద్దక్క మెల్లిగా. "నువ్వు చెప్తేగాని నాకు గంట మొదలవదు."

కోడలు కళ్ళు తుడుచుకుని, విరిగినవి ఎలా ఏరాలో అత్తకి చెప్పడం మొదలుపెట్టింది.