రెండుసార్లు తిప్పిన బొమ్మ

ఆ ఇంటాయనకు అన్నీ వచ్చు, ‘తప్పు నాదే’ అనడం ఒక్కటే రాదు. పాలు పొంగితే పొయ్యిది తప్పు. బస్సు తప్పిపోతే డ్రైవరుకు తొందరెక్కువ. ఒకసారి చొక్కా తిరగేసి తొడుక్కుని వీధిలోకి వెళ్ళొచ్చి, లోపలేదో బయటేదో తెలియకుండా కుట్టాడని టైలర్ని తిట్టాడు. ఇల్లాలు ఈ గోడు ఎవరితో చెప్పుకున్నా నవ్వేవారే గానీ జాలిపడేవారు లేరు.

ఆయనా, ఆయన చెల్లెలూ వీధి చివరి వర్క్‌షాపులో గామా కెమెరా తయారుచేస్తున్నారు. రోగికి ముందుగా ఎక్కించిన మందు వల్ల ఒంట్లోంచి వచ్చే కిరణాలు కెమెరాలోని స్ఫటికానికి తగిలి చిన్న చిన్న మెరుపులవుతాయి. ఏ మెరుపు ఎక్కడ మెరిసిందో లెక్కగట్టి పంపే బోర్డు అన్నయ్యది. ఆ లెక్కలతో తెర మీద చుక్క చుక్కగా బొమ్మ కట్టే ప్రోగ్రాము చెల్లెలిది. మర్నాడు ఆసుపత్రి డాక్టరమ్మ చూడటానికి వస్తోంది. నచ్చితే అది వాళ్ళు అమ్మే మొదటి కెమెరా; లేకపోతే ఇన్నాళ్ళ కష్టమూ అటక మీదికే.

ఆ సాయంత్రం పరీక్షకని ‘క’ ఆకారంలో కోసిన సీసం పలక పెడితే, తెర మీద అది అద్దంలో చూసినట్టు తిరగబడింది. అంటే గొంతులో ఎడమనున్న గడ్డను కుడిన చూపిస్తుందన్నమాట! “నీ ప్రోగ్రామే” అని అన్న, “నీ బోర్డే” అని చెల్లెలు మూతులు ముడుచుకున్నారు.

కాసేపటికి ఆయన వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించాడు. “కేబుల్ తిరగబడి ఉంది. ఎలా తిరిగిందో ఏమో! సరిచేసేశా. దానికి చెప్పకు, జన్మంతా దెప్పుతుంది. ఒట్టెయ్!”

ఆయన అటు వెళ్ళగానే ఆడపడుచు ఫోను. “వదినా, అన్నయ్య బోర్డులోనే వరస తారుమారైంది. ఒప్పుకుంటాడా? నేనే ప్రోగ్రాములో తిప్పేశా. చెప్పనని ఒట్టెయ్, చిన్నబుచ్చుకుంటాడు.”

ఇద్దరికీ ఒట్టేసిన ఇల్లాలు అంట్లు తోముతూ ఆ రెండు ఒట్లనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. నవ్వాగలేదు.

పొద్దున్నే టీ ఫ్లాస్కుతో వర్క్‌షాపుకు వెళ్ళి, ముందు వరసలో టికెట్టు దొరికినదానిలా స్టూలు లాక్కుని కూర్చుంది. జల్లెడలోంచి పిండి రాలినట్టు తెర మీద చుక్కలు రాలాయి. ‘క’ వచ్చింది. తిరగబడే వచ్చింది.

“అసలు వీల్లేదే!” ఆయన మొహం పాలిపోయింది. “ఆవిడొచ్చే వేళయింది!”

“నాచేత ఒట్టేయించుకున్నవాళ్ళు చేతులెత్తండి,” అంది ఇల్లాలు, టీ పోస్తూ.

రెండు చేతులు లేచాయి.

“నువ్వూనా? నేను కేబుల్ తిప్పేశానే!” అన్నాడాయన.

“నేను ప్రోగ్రాము తిప్పేశా, అన్నయ్యా! వదినా, చెప్పొద్దూ?”

“ఒట్టు తప్పేదాన్నా నేను?”

చెల్లెలు పడీపడీ నవ్వుతూ తను మార్చింది తీసేసింది. మళ్ళీ చుక్కలు రాలాయి. ‘క’ బుద్ధిగా కుదురుకుంది.

“ఇంతకీ మొదట కేబుల్ తిప్పిందెవరు?” అంది చెల్లెలు.

“అదే... తిరిగింది.”

“నడుం నొప్పేమో పాపం, అటు ఒత్తిగిలింది,” అంది ఇల్లాలు.

అంతలో డాక్టరమ్మ రానే వచ్చింది. తెరను దగ్గరగా, దూరంగా చూసి తృప్తిగా తలూపింది. “చాలా స్పష్టంగా ఉంది, తీసుకుంటాం. ఒక్కటే అనుమానం. ఎడమా కుడీ తారుమారయ్యే ప్రమాదం లేదుగా?”

ఆయన బోర్డు వంక చూశాడు, కేబుల్ వంక చూశాడు, ఆఖరికి పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

“నిన్న అయిందండీ,” అన్నాడు. “ఇకమీదట ఒకవైపే పట్టే కనెక్టరు పెడతాను. కేబుల్ తిరగేసి గుచ్చింది నేనే. తప్పు నాదే.”