ముతక జల్లెడ

బోగోర్‌లో వాన పడని రోజు గురించే జనం చెప్పుకుంటారు. పడే రోజు గురించి చెప్పడానికేముంది? ఆ ఇండోనేషియా ఊరి వరద హెచ్చరికల ఆఫీసులో రత్రి అనే ఉద్యోగిని కిటికీ మూసి, కంప్యూటర్‌లో నది వరద గీతను చూస్తోంది. గీత ఎక్కడ గూనిలా లేస్తే అక్కడ సైరన్ స్తంభం వేస్తారు. ఆమె పెద్దమ్మ ఉవా ఎనోక్ ఉండే మలుపు దగ్గర చిన్న గూని లేచింది.

ఫలానా ఆకారంలోనే పొంగుతానని నది ఎవరికీ మాటివ్వలేదు. ఎలాంటి గీతైనా కావచ్చు. అన్నిటినీ వెతకాలంటే ఆయుష్షు చాలదు. అందుకని గణాంకాలవాళ్ళు జల్లెడ పడతారు. కొలతలు బోలెడుంటే సన్న జల్లెడ, చిన్న మెలిక కూడా నిలుస్తుంది. తక్కువుంటే ముతకది, మెలికలన్నీ జారిపోతాయి.

“పాక్ దర్మా, ఈ మలుపుకి సన్నది వేద్దామా?” అంది పైఅధికారితో.

ఆయన వేయించిన చేమదుంప నములుతూ తెర మీదికి వంగాడు. “అక్కడ కొలతలెన్ని, నెంగ్?” అన్నాడు, అక్కడ అమ్మాయిల్ని ఆప్యాయంగా పిలిచే మాటతో. “లెక్కపెడితే వేళ్ళు మిగిలిపోతాయి. వాటికి సన్నది వేస్తే కనబడేది నది కాదు, దుమ్ము.”

“అక్కడ మా ఉవా ఉంటుంది.”

“మా అత్తగారూ నది ఒడ్డునే ఉంటుంది. ఆవిడ కోసం నేనెప్పుడైనా గీత వంచానా?”

నియమం ఆయన వైపే ఉంది. రత్రి ముతకదే వేసింది. గూని మాయమైంది. స్తంభం దిగువ వంతెనకు పోయింది.

ఆ ఆదివారం ఆమె ఉవా ఇంటికెళ్ళింది. నీటిమట్టం కొలిచే స్తంభానికి ఉవా బట్టల తీగ కట్టి ఉంది.

“ఇదేంటి ఉవా! కొలిచేవాడు అందుకే రావడం లేదా?”

“వచ్చేవాడే. నా లోపావడాలు పక్కకి జరిపి అంకెలు చూడలేక మానేశాడు. అంత సిగ్గున్నవాడికి సర్కారు ఉద్యోగమెందుకే?”

“విప్పెయ్యి. వానలు తగ్గేదాకా మా ఇంట్లో ఉండు.”

“మీ మూడో అంతస్తులో నా కోళ్ళెక్కడుంటాయి? ముందు ఇవి ఆరనీ, తీగ విప్పుతా.”

బోగోర్‌లో బట్టలు ఆరడమా!

ఫిబ్రవరిలో నది వచ్చింది. వంతెన దగ్గర సైరన్ చక్కగా మోగింది, మలుపుదాకా వినబడలేదు. ఉవా శవం దిగువ వెదురు పొదల్లో దొరికింది.

నీళ్ళు తీశాక గోడగోడకీ తిరిగి బురద చారలు కొలిచారు. ఆ మలుపు నుంచి ఎన్నడూ రానన్ని కొలతలొచ్చాయి.

పాక్ దర్మా ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు. “ఇప్పుడు సన్నది వేయొచ్చు, నెంగ్,” అన్నాడు మెల్లగా.

వేసింది. గూని లేచి నిలబడింది. ముతకది వేసి చూసింది. అప్పుడూ నిలబడే ఉంది.

మలుపు దగ్గర సైరన్ వేయాలని రత్రి నివేదికలో రాసింది. అక్కడ ఇప్పుడు బురదే తప్ప ఒక్క ఇల్లూ లేదు.