అగరుపొగలో కనబడని వెలుగు

నేను ఒక లేజర్‌ని. అయితే బడిలో మాస్టారు గోడ మీద ఎర్రచుక్క వేసి చూపించే రకం కాదు. నన్ను పరారుణ లేజర్ అంటారు. నా వెలుగు మనుషుల కంటికి ఆనదు. చెక్కని కాలుస్తాను, నల్లగుడ్డకి చిల్లు పెడతాను, కానీ కనబడను. ఇంత బలం ఉండి ముఖం లేకుండా పుట్టడం ఏం పుట్టుకో మీరే చెప్పండి.

ఎక్కడో సముద్రాల అవతల, తెల్లటి ముసుగులు వేసుకున్న అమ్మాయిలు పట్టకారుతో పట్టుకుని నన్ను ఇత్తడి గొట్టంలో కూర్చోబెట్టారు. అక్కణ్ణించి అట్టపెట్టెలో తణుకు చేరాను. పెట్టె విప్పినవాడు కొమ్ముల సత్యానందం, ముప్పై ఏళ్ళుగా టీవీలు బాగుచేస్తున్న మనిషి. పని లేనప్పుడు చెక్కల మీద లేజర్‌తో పిట్టల బొమ్మలు కాల్చడం ఆయన సరదా. ఆ పిట్టల్ని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచిపెడుతుంటాడు.

ఆ ఇంట్లో నాకంటే ముందే ఒక నీలం లేజర్ ఉంది. బలం నాకంటే తక్కువే, అయినా దాని వైభోగం చూడాలి! సత్యానందం పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు పనిముట్లన్నిటికీ అగరుబత్తి తిప్పుతాడు. ఆ పొగలోకి నీలం లేజర్‌ని వెలిగిస్తే గదికి అడ్డంగా నీలి కడ్డీ నిలబడేది. ఆయన దానికి దణ్ణం పెట్టుకునేవాడు. దాని కోసం నారింజరంగు కళ్ళద్దాలు కూడా కొన్నాడు. నాకు ఆ అద్దాలు అడ్డమే కావు. ఆ సంగతి నాతో వచ్చిన కాగితంలో రాసి ఉంది గాని, మెకానిక్కులకి కాగితాలు చదివే అలవాటు లేదు.

మొదటిరోజు నన్ను బల్లకి బిగించి, గోడవైపు తిప్పి, అద్దాలు పెట్టుకుని, అగరుబత్తి ముట్టించి స్విచ్చేశాడు. పొగ మెలికలు తిరుగుతూ పైకి పోయింది. నేను అందులోంచే వెళ్తున్నాను, పూర్తి బలంతో. ఆయనకేమీ కనబడలేదు.

“దీని దుంపతెగ, అమ్మినోడు చచ్చిందాన్ని పంపించాడే!” అన్నాడు, గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న భార్య మంగతాయారుతో.

“ఆ నీలంది ఉందిగా, మళ్ళీ ఇదెందుకండీ?” అందావిడ.

వెలుగే లేనప్పుడు అద్దాలెందుకని తీసి పక్కన పెట్టాడు. నా మూతికి ఏమన్నా అడ్డుపడిందేమోనని మెరిసే స్క్రూడ్రైవర్‌తో తట్టాడు. ఆ ఇనుము మీద పడి ఒక్క క్షణం పక్కకి చిందాను. ఆయన ఎడమకన్ను చిట్లించాడు. అయినా ఊరుకోలేదు. లోపల ఏముందో చూద్దామని నా ముందుకు వంగబోయాడు. నాకు చచ్చేంత భయం వేసింది. నోరుంటే అరిచేదాన్ని.

“ఏవండోయ్! నా గొడుగు కాలిపోతందండీ!”

గోడకి తగిలించిన మంగతాయారు నల్లగొడుగులోంచి పొగ వస్తోంది. సత్యానందం గొడుగుని చూశాడు, నన్ను చూశాడు, వైరు పీకేశాడు.

కుర్చీలో కూలబడి నుదురు కొట్టుకున్నాడు. “టీవీ రిమోటు పనిచేస్తందా లేదా అని రోజూ ఫోను కెమేరాలో చూసేవోణ్ణి. దాని వెలుగు కంటికి కనబడదని ఊరందరికీ చెప్పేవోణ్ణి. ఇయ్యాల ఆ బుద్ధి ఎక్కడికి పోయిందే, తాయారూ?”

నిజమే. రిమోటులోని ఆ బుల్లి దీపమూ నేనూ ఒకే వంశం.

“పోనీలెండి. కళ్ళు బాగానే ఉన్నాయిగా?” అంది ఆవిడ.

“ఎడం కంట్లో నలక పడ్డట్టుందే.”

అది నలక కాదు. లోపలి పొర మీద చిన్న మచ్చ పడిందని, ఇక పోదని భీమవరంలో కళ్ళ డాక్టరు చెప్పాడు. వంగి చూసి ఉంటే ఆ కంటి చూపు మొత్తం పోయేదట.

ఇప్పుడు నేను మేకుల మధ్య ఒక రేకుడబ్బాలో ఉన్నాను. మూత మీద సత్యానందం పెద్ద అక్షరాలతో రాశాడు: ‘కనబడదు. బతికే ఉంది.’ రోజూ పొద్దున్న అగరుబత్తి వాసన డబ్బాలోకి కూడా వస్తుంది. ఆయన ఇంకా పిట్టల్ని కాలుస్తూనే ఉన్నాడు. పిట్టకి కన్ను పెట్టేటప్పుడు మాత్రం తన ఎడమకన్ను మూసుకుంటాడు. తెరిస్తే చూపు మధ్యలో నల్లచుక్క అడ్డొస్తుందట.

ఎవరో ఒకరు నన్ను చూస్తే బాగుండునని ఎన్నాళ్ళో అనుకున్నాను. ఆయన ఆ కంటితో ఎటు చూసినా ముందు నేనే కనబడుతున్నాను. నేను కోరుకున్నది ఇలా కాదు.