దాచింది చెప్పు

హన్మకొండలోని ఆ ప్రైవేటు దవాఖాన రెండో అంతస్తులో డ్యూటీ మారే వేళకు ఎవరికీ నవ్వు రాదు. కారణం హెడ్ నర్సు వినోద సిస్టర్. ఉదయం డ్యూటీ నర్సులు మధ్యాహ్నం వాళ్లకు పేషెంట్లను అప్పజెప్పేటప్పుడు ఆమె పక్కనే నిలబడుతుంది. ఒక్కో మంచం దగ్గర ఆగి ఏ మందు ఇచ్చారో, ఏది ఇవ్వలేదో, జ్వరం ఎంతుందో, అన్నం తిన్నాడో లేదో నోటితో చెప్పాల్సిందే. దాన్నే హ్యాండోవర్ అంటారు. అంతా చెప్పాక వినోద కళ్లజోడు సర్దుకుని రెండు ముక్కలు అడుగుతుంది.

"మర్చింది చెప్పు. దాచింది చెప్పు."

మర్చిపోతే ఆమె తిట్టదు. మనిషన్నాక మరుపు ఉంటుందంటుంది. దాస్తే మాత్రం ఊరుకోదు. ఒకసారి ఒక కొత్త పిల్ల సెలైన్ సూది ఊడిన సంగతి చెప్పకుండా ఇంటికి బయల్దేరితే, ఆటో ఎక్కినదాన్ని వెనక్కి పిలిపించి, అదే మంచం దగ్గర నిలబెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. "డాక్టర్ తప్పు చేస్తె మనం పట్టుకుంటం. మనం దాస్తె ఎవలు పట్టుకుంటరు? దాచిన మాట మంచంల పన్నోని పాణం మీదికి అస్తది" అని అందరి ముందూ అంది. ఆ పిల్ల ఏడ్చింది కానీ, మళ్లీ ఏనాడూ ఏదీ దాచలేదు.

ఆ రోజు అక్కడ నిలబడ్డ సుభాషిణికి గర్వంగా అనిపించింది. వినోద ఆమెకు సొంత మేనత్త. ఆడపిల్లకు మేనత్త పోలిక వస్తుందంటారు. ముక్కూ మొహమూ ఎలాగూ వచ్చాయి, ఆ నిజాయితీ కూడా వస్తే చాలని సుభాషిణి కోరిక. దవాఖానలో అందరికీ ఆమె 'సిస్టర్'. ఒక్క సుభాషిణి మాత్రం వార్డులో కూడా 'అత్తా' అని పిలిచేది. దానికి వినోద ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

అసలు సుభాషిణి ఈ తెల్ల బట్టలు తొడగడానికి కారణమే ఆ అత్త. మూడేళ్ల కింద పరకాల దగ్గర ఊళ్లో ఆ పిల్ల ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. ఎంట్రెన్స్‌లో ర్యాంకు కూడా తెచ్చుకుంది. సర్కారు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చేంత ర్యాంకని లెక్చరర్లు ఇంటికొచ్చి మరీ చెప్పారు. తండ్రి కట్టయ్య ఏ మాటా తేల్చలేదు. "అక్క రానీ" అన్నాడు. ఆ ఇంట్లో చదువుకున్నది అక్క ఒక్కతే. ఆమె మాట దాటితే ఆ ఇంట్లో పొద్దు పొడవదు.

వినోద వచ్చింది. వంటింట్లోంచి స్టీలు గ్లాసులు తెప్పించి, చాప మీద బోర్లించింది. ఒకచోట ఒక్క గ్లాసు, దాని పక్కన రెండు ఒకదాని మీద ఒకటి, తర్వాత మూడు, తర్వాత నాలుగు. చూస్తుండగానే చాప మీద మెట్లు లేచాయి.

"గిది ఏఎన్ఎం. గిది జీఎన్ఎం. గిది బీఎస్సీ. పైన ఎమ్మెస్సీ. కింది మెట్టు ఎక్కకుంట పై మెట్టు మీద కాలు పెడితె జారుతది బిడ్డా. ముందుగాల ఏఎన్ఎం రెండేండ్లు చెయ్. చేతికి పని అస్తది. ఎన్క బీఎస్సీల సీదా మూడో ఏడుకు తీస్కుంటరు. నీ రెండేండ్లు యాడికి పోవు."

తల్లి బక్కమ్మ గడప దగ్గర కూర్చుని పత్తి గింజ తీస్తోంది. "ర్యాంకు అచ్చినంక మల్ల కింది మెట్టెందుకు వదినె?" అని ఒక్క మాట అంది.

"నీకు తెలుస్తదా, నాకు తెలుస్తదా?" అంది వినోద. చదువురాని మనిషి నోరు మూయించడానికి అంతకంటే పెద్ద తాళం ఇంకోటి లేదు. బక్కమ్మ మళ్లీ పత్తి గింజ తీయసాగింది. సుభాషిణి కౌన్సెలింగ్‌కు పోలేదు. సీటు ఎవరికో పోయింది.

సుభాషిణి ఏఎన్ఎం చేసింది, అత్త పనిచేసే దవాఖానలోనే చేరింది. ఈ ఏడాది బీఎస్సీ మూడో ఏడులో చేరతానని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంది. అత్తను ఎప్పుడు అడిగినా "చూద్దాం తీ, ఫికర్ జెయ్యకు" అనేది. ఆ 'చూద్దాం'లో ఏముందో చూడాలని ఆ పిల్లకు తోచలేదు. నమ్మిన వాళ్ల మాటలను ఎవరు తరచి చూస్తారు?

మాఘమాసం చివర్లో ఒక నర్సింగ్ కాలేజీ నుంచి బీఎస్సీ అమ్మాయిలు వార్డులో పని నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ల వెంట వచ్చిన టీచర్ సౌమ్య మేడం కలుపుగోలు మనిషి. చాయ్ తాగే వేళ సుభాషిణి ఆమె పక్కన చేరి, బీఎస్సీ మూడో ఏడులో చేరాలంటే ఎప్పుడు అప్లై చెయ్యాలని అడిగింది.

సౌమ్య చాయ్ కప్పు కింద పెట్టింది. "ఏఎన్ఎం నుంచి మూడో ఏడుకా? గట్లాంటి తోవ లేదమ్మా."

"ఉన్నదట మేడం."

"లేదు. ఏఎన్ఎం తక్కువదని కాదు. పల్లెల్ల పిల్లల టీకాలు, గర్భిణుల పరీక్షలు అన్నీ వాళ్ల మీదనే నడుస్తయి. సర్కారు పోస్టు పడితె మంచి కొలువు. కాని అది వేరే గల్లీ. జీఎన్ఎం మూడేండ్లు చేసినోళ్లు స్టాఫ్ నర్సులైతరు. వాళ్లకు పోస్ట్ బేసిక్ అని రెండేండ్ల చదువున్నది, అది చేస్తె బీఎస్సీ అయినట్టే. బీఎస్సీ నాలుగేండ్లు చేసినోళ్లు పెద్ద దవాఖానలల్ల ఆఫీసర్ పోస్టులకు పోతరు, ఎమ్మెస్సీ చేసి నా లెక్క పాఠాలు చెప్తరు, భాష నేర్చుకొని జర్మనీ పోతరు. ఏఎన్ఎం నుంచి పైకి పోవాల్నంటె మళ్ల జీఎన్ఎం మొదటి ఏడుల కూసోవాలె. లేదంటె ఇంటర్ మీద ఎంట్రెన్స్ రాసి బీఎస్సీ మొదటి ఏడు. ఇంతకు ఇంటర్ల నీది ఏం గ్రూపు?"

"బైపీసీ మేడం. ర్యాంకు గూడ అచ్చింది."

"మరి ఏఎన్ఎం ఎందుకు చేసినవ్?"

అత్త చెప్పింది కాబట్టి చేసింది. అయినా సుభాషిణి మనసు అత్త పక్షానే వాదించింది. పాతకాలపు చదువు, ఇప్పటి రూల్సు తెలియక చెప్పిందేమో. తెలియక చేసిన తప్పుకు అత్తే కదా మాఫీ ఇస్తుంది, మరుపు మనిషికి ఉంటుందని. ఆ ఆలోచనతో కొంచెం ఊపిరి కూడా పీల్చుకుంది.

"మీ వినోదక్కను అడిగితె అయిపోవు గద" అంది సౌమ్య, ఏమీ ఎరగకుండా. "పోస్ట్ బేసిక్‌ల మేమిద్దరం ఒక్క రూముల ఉన్నం. ఏ కోర్సు నుంచి ఏ కోర్సుకు పోవచ్చో మా అందరికి ఆమెనే చెప్పేది. బైపీసీ చదివిన మా చెల్లె ఏఎన్ఎంల చేరుతనంటె, ఫోన్ జేసి మరీ ఆపింది. 'పిల్ల బతుకు ఆగం జెయ్యకున్రి' అన్నది. గిప్పుడు మా చెల్లె బీఎస్సీ ఆఖరేడు."

ఎవరి చెల్లెలో బాగుపడింది, సంతోషం. సుభాషిణి మాత్రం మందుల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఏడుపు రాలేదు. పరాయి పిల్లకు ఫోన్ చేసి నిజం చెప్పిన నోరే, తన ముందు గ్లాసులు పేర్చి అబద్ధం చెప్పింది. ఎందుకు? ఎంత తవ్వినా తన తప్పు ఏదీ దొరకలేదు.

ఆ 'ఎందుకు'కు జవాబు హరీష్ దగ్గర దొరికింది. హరీష్ వినోద కొడుకు, అదే దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్, చెడ్డవాడేం కాదు. మరునాడు రక్తం శాంపిళ్లకు వార్డులోకి వస్తే, సుభాషిణి పక్కకు పిలిచి, అత్త తనను ఏఎన్ఎంలో ఎందుకు చేర్పించిందని అడిగింది.

"అమ్మ నీకింక చెప్పలేదా?" అన్నాడు సిగ్గుపడుతూ. "మన సంగతే. ఉగాది ఎల్లంగనే పూలు పండ్లు పెట్టి పెండ్లి ఖాయం చెయ్యాల్ననుకుంటాన్రు. నువ్వు చిన్నప్పటి సంది నా మరదలివే గద. బీఎస్సీ చేస్తె నువ్వు యాడికో ఎగిరిపోతవని అమ్మ భయం. నేనేమో డిప్లొమా. పిల్ల పెద్ద చదువు చదివితె మనింటికి ఎందుకస్తదని అన్నది. మామకు గూడ ఎరుకే."

"మామకా? మా బాపుకా?"

"ఆఁ. గప్పుడే మాట్లాడుకున్నరు." ఆమె మొహం చూసి అతను తడబడ్డాడు. "నేనేమంట సుభా, అమ్మ ఇష్టం."

డ్యూటీ దిగగానే సుభాషిణి ఎనుమాముల మార్కెట్‌కు పోయింది. కట్టయ్య ఆ పొద్దున్నే మిర్చి తెచ్చాడు. యార్డు నిండా ఎర్ర రాశులు, తుమ్ములు, దగ్గులు. మిర్చి ఘాటుకు అక్కడ అందరి కళ్లూ కారుతూనే ఉంటాయి, అందుకే ఆమె కళ్లను ఎవరూ పట్టించుకోలేదు.

"బాపూ, అత్త చెప్పింది అబద్ధమని నీకు తెలుసా?"

కట్టయ్య రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "నాకు చదువులు ఏం తెలుసు బిడ్డా. పిల్ల కండ్ల ముంగట ఉంటదన్నది. అత్తగారిల్లు మేనత్త ఇల్లే అయితె ఆడపిల్లకు ఏం ఫికరుంటదన్నది. అక్క నీ చెడు కోరుతదా?"

"తెలుసా, తెల్వదా?"

"తెలుసు" అన్నాడు, మిర్చి బస్తా వైపు చూస్తూ.

కంచే చేను మేస్తుంటే, ఆ కంచెకు గుంజలు పాతిచ్చింది తండ్రి. ఇంట్లో మొత్తం మీద నిజం అడిగింది పత్తి గింజ తీసుకునే తల్లి ఒక్కతే. ఆమెను నోరు మూసుకోమన్నప్పుడు తాను కూడా ఊరుకుంది. ఆ సంగతి తలచుకుంటే సుభాషిణికి అందరికంటే తన మీదే ఎక్కువ మంట పుట్టింది. అక్కడి నుంచే తల్లికి ఫోన్ చేసి అంతా చెప్పింది. బక్కమ్మ విని, "ఆ పరీచ్చకు ఇంక టైమున్నదా?" అని అడిగింది. ఉందని సుభాషిణి అంది. "మరైతె రాయి" అంది బక్కమ్మ.

మరునాడు మధ్యాహ్నం డ్యూటీ మారింది. పేషెంట్లను అప్పజెప్పుకోవడానికి తిరుమల అనే నర్సు వచ్చింది. వినోద ఎప్పటిలాగే పక్కన నిలబడింది. సుభాషిణి ఒక్కో మంచం దగ్గర ఆగి అన్నీ చెప్పింది. షుగర్ పేషెంటుకు సూది ఇచ్చింది, కడుపు ఆపరేషన్ ముసలాయనకు రాత్రి నిద్ర లేదు, కిటికీ పక్క ఆమె మాత్ర మింగకుండా దిండు కింద పెడుతోంది. చివరి మంచం ఖాళీగా ఉంది, దుప్పటి కొత్తగా పరిచి ఉంది. అక్కడ వినోద కళ్లజోడు సర్దుకుంది.

"మర్చింది చెప్పు. దాచింది చెప్పు."

"నేను ఏం మర్వలేదు, ఏం దాచలేదు" అంది సుభాషిణి. "నువ్వు చెప్పు అత్తా. ఏం దాచినవ్?"

తిరుమల ఇద్దరి మొహాలూ చూసి, మెల్లగా మంచినీళ్ల సీసా పట్టుకుని అటు జరిగింది. వినోదకు అర్థమైంది. అర్థం కానట్టు నటించే మనిషి కాదు.

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తేంది? నీకు తెల్వక చెప్పినవేమో అనుకున్న. మరుపేమో అనుకున్న. సౌమ్య మేడం చెల్లెకు ఫోన్ జేసి ఆపినవట. పరాయి పిల్ల బతుకు ఆగం కావద్దు. నాది కావచ్చునా?"

"గట్లెందుకంటవ్." వినోద గొంతు తగ్గింది. "నాతోని చదివినోళ్లు దుబాయి పోయిన్రు, లండన్ పోయిన్రు. ఒక్కలు మల్ల రాలేదు. వాళ్ల తల్లులు సచ్చిపోతె ఫోన్‌ల చూసిన్రు. నాకు ఆడపిల్ల లేదు. నువ్వు నా ఇంట్ల ఉండాల్నని ఆశపడ్డ. గదే నా తప్పు."

"ఉండమని అడిగితె ఉందునేమో అత్తా. అడగకపోతివి. మెట్లు పేర్చి, పైకెక్కమని చెప్పుకుంట కింద కూసోబెట్టినవ్."

వినోద కళ్లలో నీళ్లు తిరిగాయి. సుభాషిణికి జాలి కలిగింది, కోపమూ తగ్గలేదు. రెండూ ఒకే గుండెలో ఇమడక నొప్పి పెట్టాయి.

"ఎంట్రెన్స్ రాస్త. బీఎస్సీ మొదటి ఏడుల కూసుంట. నాకన్న చిన్నపిల్లల పక్కన. బావకు చెప్పు, పూలు పండ్లు వద్దని. ఈ నెలాఖరు దాంక డ్యూటీ చేస్త."

నెలాఖరు దాకా చేసింది. పొద్దున డ్యూటీ, సాయంత్రం ఇంటర్ పుస్తకాలు. వార్డులో అందరికీ సంగతి తెలిసిపోయింది. వినోద రోజూ హ్యాండోవర్‌కు వచ్చి పక్కనే నిలబడింది, కళ్లజోడూ సర్దుకుంది.

"మర్చింది చెప్పు" అనేది. అంతటితో ఆగేది.

రెండో మాట కోసం నర్సులు ఒక క్షణం చూసేవాళ్లు. అది రాకపోయేసరికి ఒకళ్లనొకళ్లు చూసుకుని సర్దుకునేవాళ్లు. ఆఖరి రోజు కూడా సుభాషిణి చివరి మంచం దాకా అన్నీ చెప్పింది. వినోద "మర్చింది చెప్పు" అని ఆగిపోయింది.

"మర్చింది ఏం లేదు" అంది సుభాషిణి. అడగని దానికి కూడా జవాబిచ్చింది. "దాచింది ఏం లేదు, సిస్టర్."